తెల్లకోటు కోమలవల్లి

బంతిని చూడొద్దమ్మా, బంతి వచ్చే తొవ్వను చూడాలె అని ఆటల పంతులు ఎల్లేష్ సారు మొదటిరోజు చెప్పిన మాట కోమలవల్లికి ఇవాళ్టికీ సగమే అర్థమైంది. ఇంకా రాని బంతికి దారి ఎక్కడుంటుంది, ఉన్నా ఎవరికి కనిపిస్తుంది? అయినా ఆమె ఆ మాటను నమ్మి, మెడ వెనక్కి వంచి, గోలుపోస్టు ఇనుప స్తంభం కొస వైపు చూస్తూ నిలబడింది. కొసన ఆకాశం తప్ప ఏమీ లేదు. ఫిబ్రవరి ఆదివారం, పొద్దు ఎక్కుతోంది, బహదూర్‌పురా బడి మైదానంలో దుమ్ము ఇంకా పూర్తిగా లేవలేదు, ఈ బడి జట్టుకూ పురానాపూల్ జట్టుకూ ఫైనల్ మొదలై కాసేపే అయింది. చీర మీద తొడుక్కున్న తెల్లకోటు డాక్టరు చదివే పిల్లలు కోఠిలో కొనుక్కునే రకం, చేతులు పొడుగైతే తనే మడిచి కుట్టుకుంది. పక్కన నేలలో గుచ్చిన జెండాలు రెండు, ఒకటి తెల్లది, ఒకటి పచ్చది. బంతి అడ్డకర్ర పైనుంచి రెండు స్తంభాల మధ్యగా పోతే తెల్లజెండా, ఒక పాయింటు. అడ్డకర్ర కిందనుంచి వలలోకి పోతే పచ్చజెండా, గోలు, అది మూడు పాయింట్లకు సమానం. స్తంభానికి బయటినుంచి పోతే జెండా లేదు, రెండు చేతులూ బారచాపి అడ్డంగా ఊపడమే. అంతే ఆమె పని. చెప్పుకుంటే ఇంతే, నిలబడితే గంట.

అటు స్తంభం దగ్గర నందకిశోర్, అదే కోటు, అవే జెండాలు. బేగంబజార్‌లో ఎండుమిర్చి, చింతపండు హోల్‌సేల్ అతనిది. కోటు ఎంత ఉతికినా మిర్చి ఘాటు అతని కంటే రెండడుగులు ముందే వస్తుంది. మొదటి ఆదివారం ఆమె నామం, కాసెపోసి కట్టిన చీర చూసి గుడి చందాకు వచ్చిందనుకుని, "మాజీ, చందా సంగతి దుకాణంల మాట్లాడుదాం, ఈడ పిల్లల ఆట నడుస్తుంది" అన్నాడు. చందా కాదు నాయనా, నీకు జోడీని నేనే అంటే అతను నాలుక కరుచుకున్నాడు. ఆ తర్వాత ఈ నాలుగు నెలలూ వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఎంత అని లెక్కేస్తే ఒక పూట సరుకు బేరమంత కూడా ఉండదేమో. ఇటు స్తంభం ఆమెది, అటు స్తంభం అతనిది, మధ్యలో వల, వల ముందు గోలు కాసే పిల్ల. బంతి పోగానే అతను కనుబొమ్మలు ఎగరేస్తాడు, ఆమె తల ఊపుతుంది, అప్పుడే జెండా లేస్తుంది. అతని దుకాణం ఎక్కడో, ఇల్లెక్కడో ఆమె చూడలేదు, అతని భార్య పేరు తెలియదు, కానీ అతని కనుబొమ్మలు ఎప్పుడు నిజంగా ఎగురుతాయో, ఎప్పుడు అనుమానంగా ఎగురుతాయో తెలుసు. మనిషిని తెలుసుకోవడానికి ఇదొక దారా, ఇట్లా ఒక ద్వారబంధానికి అటూ ఇటూ నిలబడి, అనుకుంది కోమలవల్లి. అనుకుంటుండగానే బహదూర్‌పురా పిల్ల ఒకత్తె బంతిని గుండెకు అదిమిపెట్టుకుని పరుగెత్తుకొచ్చి తన్నింది. బంతి అడ్డకర్ర మీదుగా హాయిగా పోయింది. కనుబొమ్మలు, తల, తెల్లజెండా. మైదానం ఒక వైపు అరిచింది, ఒక వైపు ఊరుకుంది.

బంతిని చేత్తో పట్టుకుని నాలుగడుగులే వెయ్యాలి. నాలుగో అడుగు తర్వాత నేలకు కొట్టాలి, లేదా బొటనవేలి మీదికి వదిలి మళ్ళీ చేతికి తెచ్చుకోవాలి. ఈ సంగతి మొదట ఇంటికి తెచ్చింది శ్రీహిత. మనుమరాలు, హుస్సేనీ ఆలం బడిలో ఎనిమిదో తరగతి. దసరా సెలవులు అయ్యాక ఒక సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చింది. "నానమ్మా, కొత్త ఆట! చేత్తోని పట్టొచ్చు, కాలుతోని తన్నొచ్చు, రెండూ!" రెండూ చేయొచ్చంటే ఇక ఆపేదేముంది అని అడిగితే ఈ నాలుగడుగుల సంగతి చెప్పింది. గేలిక్ ఫుట్‌బాల్ అంట, ఐర్లాండ్ అనే దేశంలో ఆడతారంట. కోమలవల్లి భర్త వైకుంఠం గుడిలో అర్చన ముగించుకుని అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "గేలి ఏంది? ఎవర్ని గేలి చేస్తున్నరు?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దాని పేరు గేలి ఆటే. మూడెందుకు కాదు, అయిదెందుకు కాదు, నాలుగే ఎందుకు? మరునాడు పొయ్యి దగ్గరి నుంచి ఫ్రిజ్ దాకా నడుస్తూ ఆమె తన అడుగులు తానే లెక్కపెట్టుకుంది, నాలుగయ్యేసరికి చెయ్యి తనంతట తాను ఏదో వదలాలన్నట్టు కదిలింది. వంటింట్లో ఎవరూ లేనిది చూసి ఒక ఉల్లిగడ్డను బొటనవేలి మీదికి వదిలి చూసింది. అది దొర్లి ఫ్రిజ్ కిందికి పోయింది. దాన్ని చీపురుతో బయటికి లాగుతూ నవ్వు ఆపుకోలేకపోయింది, కోడలు వచ్చి ఏమైందత్తమ్మా అంటే ఏం లేదని చెప్పింది.

బంతి ఇప్పుడు అవతలి కొసలో ఉంది, అక్కడి స్తంభాల దగ్గర వేరే తల్లిదండ్రులు ఇద్దరు నిలబడ్డారు, వాళ్ళ తెల్లకోట్లు ఇక్కడికి కొంగల్లాగా కనిపిస్తున్నాయి. బంతి దూరంగా ఉన్నప్పుడే మనసుకు సెలవు. మొదటిసారి బడి నుంచి ఎవరన్నా పెద్దవాళ్ళు వచ్చి జెండాలు పట్టాలన్నప్పుడు కొడుకు శ్రవణ్‌కుమార్‌కు ఆదివారం ఒక్కటే నిద్రపోయే రోజు, కోడలికి ఇంటి పని, ఇక మిగిలింది తను. నాలుగో మ్యాచ్ అయ్యాక శ్రీహిత, "నానమ్మా, నాకు బోర్ కొడుతుంది, నేను ఇగ పోను" అంది, అలవోకగా, సీరియల్ ఛానల్ మార్చినట్టు. పిల్లలకు అట్లా ఉంటుంది, తప్పేముంది. మరుసటి ఆదివారం పొద్దున కోమలవల్లి యథాప్రకారం స్నానం చేసి, పొంగలి దించి, కోటు సంచిలో పెట్టుకుంటుంటే వైకుంఠం గుమ్మంలో నిలబడి చూశాడు. "పిల్లనే పోతలేదు, నువ్వు పోయి ఏం జేస్తవే?" "జెండా ఎత్తుత." "ఎవరి కోసం?" ఆమె సంచి భుజానికి తగిలించుకుని ఆటో కోసం బయటికి నడిచింది. ఆటోలో పురానాపూల్ మీదుగా పోతుంటే మూసీ వాసన లోపలికి కొట్టింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఎవరి కోసం, ఎవరి కోసం అని చక్రాల చప్పుడుకు సరిపడా అనుకుంది, బహదూర్‌పురా రాగానే మరచిపోయింది.

ఎల్లేష్ సారు విజిల్ ఊదుతూ మధ్యలో పరుగెత్తుతున్నాడు. మనిషి సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఆకలిగా ఉన్నవాడిలా ఉంటాడు. జగిత్యాల వైపు ఊరు. దుబాయ్‌లో ఒక పెద్ద బడిలో ఆటసామాన్ల గదికి కాపలా ఉండేవాడంట, అక్కడ ఐర్లాండ్ నుంచి వచ్చిన పంతుళ్ళు సాయంత్రాలు ఈ ఆట ఆడుతుంటే, ఒక రోజు మనిషి తక్కువైతే రమ్మన్నారంట. తిరిగొచ్చి ఈ బడిలో ఆటల సారుగా చేరాక చుట్టుపక్కల ఆరు బళ్ళు తిరిగి, ఆడపిల్లల జట్లు కట్టించి, ఫుట్‌బాల్ గోలుపోస్టులకే పొడుగు పైపులు వెల్డింగ్ చేయించి, ఈ పోటీ మొదలుపెట్టాడు. ఒకసారి నీళ్ళు తాగే విరామంలో ఆ దేశం సంగతి అడిగితే చెప్పాడు, అక్కడ ప్రతి ఊరికీ ఒక జట్టంట, పుట్టిన ఊరికే ఆడతారంట, ఎంత గొప్పగా ఆడినా పైసా ఇవ్వరంట. ఫైనల్‌కు ఊళ్ళు ఊళ్ళు ఖాళీ అయిపోతాయంట. "పైసలు గిట్ల రాకుంటే ఎందుకాడుతరు సారూ?" "సేవ అనుకోండ్రి అమ్మా." ఆ మాట ఆమెకు బాగా తెలిసిన మాట, పొద్దున సుప్రభాతం నుంచి రాత్రి ఏకాంతసేవ దాకా ఆ ఇంట్లో తిరిగే మాట. అది ఈ దుమ్ములో, ఈ మనిషి నోట వినిపిస్తే ఎట్లాగో అనిపించింది, మేనత్త పేరు పెట్టుకున్న పరాయి మనిషి ఎదురైనట్టు. అక్కడ కూడా నాలాంటి ముసలిది ఒకత్తె స్తంభం పక్కన నిలబడుతుందా, చలి ఎక్కువంటారు, కోటు లోపల ఇంకో కోటు వేసుకుంటుందేమో, ఆమె మొగుడు కూడా ఎవరి కోసమే అని అడుగుతాడేమో.

సగం ఆట అయింది. బహదూర్‌పురా రెండు పాయింట్లు ముందుంది. ఎల్లేష్ సారు చెమట తుడుచుకుంటూ స్తంభాల దగ్గరికి వచ్చాడు, మొహం బాగా లేదు. పోయిన ఆదివారం సెమీఫైనల్లో తండ్రులిద్దరు కొట్టుకునేదాకా వచ్చారు, బడి యజమాని అది పై అంతస్తు నుంచి చూశాడు. "అమ్మా, నందకిశోర్ భాయ్, ఇయ్యాల లొల్లి అయితే వచ్చే ఏడు మైదానం ఇయ్యనన్నడు మా సారు. నేను ఈ బడోన్ని, ఫైనల్ల మా బడే ఉంది, విజిల్ నా చేతుల్నే ఉంది. వేరేటోళ్ళకు రూల్సే తెల్వయి, ఏం జెయ్యాలె? పురానాపూలోళ్ళు ఇప్పటికే గుసగుస పెడుతున్నరు." నందకిశోర్ అడిగాడు, సమానంగా వస్తే ఏమిటని. "సమానమైతే కప్పు ఇద్దరిదీ. ఆర్నెల్లు వాళ్ళ దగ్గర, ఆర్నెల్లు వీళ్ళ దగ్గర. దేవుడు అట్ల చేస్తే మంచిగుండు." అంటూ మైదానం మధ్యకు పోయాడు. దేవుడు ఎట్లా చేస్తాడో అని కోమలవల్లి నవ్వుకుని, జెండాలను నేలలో ఇంకొంచెం లోతుగా గుచ్చింది.

జట్లు వైపులు మార్చుకున్నాయి. ఇప్పుడు ఈ స్తంభాల మీదికి వచ్చేది పురానాపూల్. జంతుప్రదర్శనశాల వైపు నుంచి సింహం అరుపు ఒకటి, లోపలి నుంచి ఏదో పెద్ద బరువును లాగినట్టు, వినిపించింది. పిల్లలెవరూ తల తిప్పలేదు, ఈ వైపు పిల్లలకు అది కోడికూత లాంటిది. కోమలవల్లి మాత్రం ప్రతిసారీ ఆగి వింటుంది. అది ఆకలా, విసుగా, ఊరికేనా? ఏది విన్నా, ఏది చూసినా దాని వెనక ఇంకేముందో అని చూసే అలవాటు చిన్నప్పటిది. ఏడేళ్ళప్పుడు అనుకుంటా, గుడిలో నివేదన వేళ తెర వేస్తే, దేవుడు ఎట్లా తింటాడో చూద్దామని తెర కొస ఎత్తి తొంగిచూసింది. దేవుడు తినలేదు. తండ్రి తప్పెలల ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, చెమట తుడుచుకుంటూ, పెదవులు కదిలిస్తున్నాడు. ఆయన మొహంలో తనకు ఎప్పుడూ కనపడని ఏదో ఉంది, అది భక్తో, ఆకలో, అలసటో ఆ వయసుకు తెలియలేదు, ఈ వయసుకూ తెలియదు. ఇంటికొచ్చి నానమ్మతో, దేవుడు తినలేదు, నాన్న ఒక్కడే ఉన్నాడు అని చెప్పింది. నానమ్మ వీపు మీద ఒక్కటి వేసి, "చూసిందల్లా చెప్పేది కాదే" అంది. తర్వాత ఆమెకు పెళ్ళైంది, పెద్ద తప్పెలలు, పులిహోర, దద్దోజనం, మాలలు, పండుగలు, పురుళ్ళు. ఎన్నో చూసింది. మరిది పొలం కాగితాల దగ్గర చేసిన మాయ చూసింది, ఆడబిడ్డ మొహాన నవ్వు ఆరిపోవడం చూసింది. కానీ నువ్వేం చూశావు కోమలా అని ఎవరూ అడగలేదు. అడిగిన మొదటి మనిషి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఈ ఎల్లేష్ సారు. మొదటి ఆదివారం బంతి అటో ఇటో తేలక అందరూ అరుస్తుంటే పరుగున వచ్చి, రొప్పుతూ, అందరినీ వదిలి ఆమెనే అడిగాడు. "అమ్మా, మీరేం చూసిండ్రు?" ఆమె చేతులు వాటంతట అవే చెప్పాయి.

ఇదిగో ఇదే, తను వస్తున్నది ఇందుకేనేమో అని ఇప్పుడు తోచింది, కానీ తోచింది నిలబడేలోపే ఎదురుగా దుమ్ము లేచింది. గౌసియా వస్తోంది. పురానాపూల్ జట్టు పిల్ల, సన్నటి పీచు మనిషి, తలకు నల్ల గుడ్డ బిగించి కట్టుకుంటుంది, మోకాళ్ళ మీద ఎప్పుడూ ఏదో ఒక గాయం. నాలుగడుగులు, నేల, నాలుగడుగులు, బొటనవేలు. బంతి ఆమె ఒంటికి దారంతో కట్టినట్టు తిరుగుతుంది. ఈ సీజను మొత్తంలో ఆ పిల్ల చేసిన పని ఒకటి ఇంకే పిల్లా చేయలేదు: తన్నిన ప్రతిసారీ, పోయినా పోకపోయినా, తిరిగి పోతూ కోమలవల్లి వైపు చూసి, "కైసా థా, దాదీమా?" అని అడుగుతుంది. ఎట్లా ఉంది, నానమ్మా? బాగుంది బిడ్డా అంటే ఒప్పుకోదు. ఎక్కడినుంచి పోయింది, మధ్యలోంచా, అంచులోంచా, అది కావాలి ఆమెకు. ఇప్పుడు ఇద్దరు పిల్లల మధ్యలోంచి దూరి, తన్నకుండా బంతిని పక్కనున్న పిల్లకు చేత్తో గుద్ది ఇచ్చింది, ఆ పిల్ల కింది నుంచి వలలోకి కొట్టింది. వల ఉబ్బింది. నందకిశోర్ కనుబొమ్మలు నెత్తి దాకా పోయాయి. కోమలవల్లి పచ్చజెండా పెరికి పైకెత్తింది. ఆ జెండాను తన పాత పట్టు రవికె చింపి కుట్టింది. మూడు పాయింట్లు. పురానాపూల్ తల్లులు లేచి నిలబడ్డారు, ఒకామె బురఖా అంచు పట్టుకుని గంతేసింది, పక్కన బొట్టు పెట్టుకున్నామె ఆమె భుజం పట్టుకుని గంతేసింది.

ఆ తర్వాత ఆట ఒక లెక్కలో లేదు. అటొక పాయింటు, ఇటొక పాయింటు, మళ్ళీ అటు. బహదూర్‌పురా గోలు కాసే పిల్ల, ఆమె వెనక నుంచి కోమలవల్లికి మెడ మీది చెమట కూడా కనిపిస్తోంది, ఒకసారి ఎగిరి బంతిని అడ్డకర్ర మీద నుంచి లాక్కుంది, నేల మీద పడ్డాక అమ్మా అని సన్నగా అంది. ఎవరికీ వినపడకుండా అన్నది ఆమెకు వినిపించింది. స్తంభం పక్కన నిలబడితే ఇవన్నీ వినిపిస్తాయి, ప్రేక్షకులకు అందనివి: ఊపిరి, బూట్లు, ఒక పిల్ల తనను తాను తిట్టుకోవడం, ఇంకో పిల్ల నోట్లోనే ఏదో పాట. ఆట అంటే బయటి నుంచి ఒకటి, ఇక్కడి నుంచి ఇంకోటి. చివరికి వచ్చేసరికి బహదూర్‌పురా ఒక్క పాయింటు ముందుంది, ఎల్లేష్ సారు గడియారం వైపు చూస్తున్నాడు, బంతి మళ్ళీ గౌసియా చేతికి వచ్చింది. దూరం ఎక్కువ, పక్కవాటం. తన్నకూడదు అనుకుంది కోమలవల్లి. తన్నింది.

బంతి లేచింది. స్తంభం కంటే ఎత్తుకు లేచింది, కోమలవల్లి మెడ దానితోపాటు వెనక్కి పోయింది, వెలుగు కళ్ళద్దాల అంచుల్లోంచి దూరింది. ఆకాశంలో ఒక గద్ద, దాని కింద బంతి, బంతి తిరుగుతోంది, దాని మీది నల్లగీతలు కలిసిపోయి బూడిదరంగైంది. స్తంభం కొస ఆమె నెత్తి మీద సన్నగా, తెల్లరంగు పూసిన వేలులా నిలబడి ఉంది, అది లేని చోట కూడా ఉన్నట్టే అనుకోవాలి, ఎల్లేష్ సారు చెప్పాడు, స్తంభం ఆకాశం దాకా ఉందనుకోండ్రి అమ్మా, ఎంత ఎత్తున పోయినా ఆ స్తంభానికి లోపలా, బయటా అనే చూడాలె. ఆకాశం దాకా ఉన్న స్తంభం. బంతి గాలికి వంగింది. లోపలి నుంచి వస్తున్నదల్లా చివరికి వచ్చేసరికి వంగింది, చివర్లో, స్తంభం దాటే చోట, ఆ లేని స్తంభానికీ బంతికీ మధ్య నీలం కనిపించింది, సన్నటి నీలం, అది ఇటు వైపునుంది. ఇటు అంటే బయట. అంతే. బంతి వెనక గోడకు తగిలి కింద పడింది, ఆ చప్పుడు వినిపించేసరికి మైదానం సగం అప్పటికే గంతులేస్తోంది.

ఆమె అటు చూసింది. నందకిశోర్ కనుబొమ్మలు ఎగరలేదు. అతని చెయ్యి తెల్లజెండా మీద ఉంది, పెరకలేదు, వదలలేదు. ఇన్నాళ్ళలో అట్లాంటి చూపు అతను ఎప్పుడూ చూడలేదు. తర్వాత, ఇంతవరకు ఎప్పుడూ దాటని వల ముందరి జాగాను దాటి, గోలు కాసే పిల్లను పక్కకు తప్పుకోమని, ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా. నాకు అటునుంచి సాఫ్ కనబడలే. లోపల్నుంచి పోయినట్టే అనిపించింది."

"బయటికి పోయింది."

"పక్కా?"

"పక్కా."

అతను గొంతు తగ్గించాడు. "పాయింట్ అంటే సమానమైతది. కప్పు ఇద్దరికీ. అందరు ఖుష్. లొల్లి ఉండదు, మైదానం ఉంటది. ఒక్క పాయింటే గద అమ్మా, అది కూడా ఇంతంత దూరంల." అతని కళ్ళలో మోసం లేదు, ఉన్నదల్లా పిల్లల మీది జాలి, ఎల్లేష్ సారు మీది జాలి. కోమలవల్లి మైదానం వైపు చూసింది. ఇందరు ఆమె చేతుల వైపు చూడటం ఆమె ఎరుగదు. పురానాపూల్ తల్లులు, బహదూర్‌పురా తండ్రులు, పై అంతస్తు వరండాలో తెల్లచొక్కా బడి యజమాని, విజిల్ పెదవుల దగ్గర పట్టుకుని ఎల్లేష్ సారు, వాళ్ళందరి కంటే ముందు, నడుము మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ గౌసియా. తెల్లజెండా ఎత్తితే ఏం పోతుంది? ఎవరికీ ఏమీ పోదు. అది వచ్చిన దారి మాత్రం పోతుంది. అంత ఎత్తున, అంత దూరం, ఆ పిల్ల కాలి నుంచి లేచి, గాలికి వంగి, ఆ నీలాన్ని అంచున మిగిల్చి పోయిందే, అది జరగలేదని చెప్పినట్టవుతుంది. జరిగింది కదా. చూసింది కదా. ఇంకెవరూ చూడలేదు కాబట్టి అది ఇప్పుడు తన దగ్గర తప్ప ఎక్కడా లేదు.

"బయటికే పోయింది నాయనా," అంది, అంత మెల్లగా అన్నందుకు తనకే ఆశ్చర్యం వేసింది, "పోయినదాన్ని పోలేదని ఎట్ల అంట?"

నందకిశోర్ ఒక క్షణం ఆమె మొహంలోకి చూసి తల ఊపాడు. "అయితే ఖలాస్," అన్నాడు, తన స్తంభం దగ్గరికి పోకుండా ఆమె పక్కనే నిలబడ్డాడు. కోమలవల్లి రెండు చేతులూ బారచాపి అడ్డంగా ఊపింది. ఎల్లేష్ సారు కళ్ళు మూసుకుని తెరిచాడు, చివరి విజిల్ ఊదాడు.

లొల్లి కావలసినట్టే అయింది. "వాళ్ళ బడి, వాళ్ళ విజిల్, వాళ్ళ ముసలమ్మ!" అని ఎవరో అరిచారు. "ఆమెకు కండ్లు కనబడ్తయా, అద్దాలు జూడు!" పురానాపూల్ వైపు మగవాళ్ళు నలుగురైదుగురు గీత దాటి లోపలికి వచ్చారు. ఎల్లేష్ సారు చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. "అన్నా, అన్నా, ఆగుండ్రి, ఆమె ఈ రెండు బళ్ళలో ఏ బడి మనిషీ కాదే, ఆమె పిల్ల ఆటే మానేసింది!" "మానేస్తే ఎందుకొస్తది మరి?" అని ఒకతను నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. నందకిశోర్ ఆమె ముందుకు వచ్చి, "మాటలు జర సంభాళించుకోండ్రి భాయ్, నేను గూడ ఈడనే ఉన్న" అన్నాడు. కోమలవల్లి చేతులు అలవాటుగా కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాయి, ఆట అయిపోయింది కాబట్టి. ఇంటికి పోతే వైకుంఠం అడుగుతాడు, ఏమైందే అని. అంతా చెప్పాలి, మెడ వెనక్కి వంచిన దగ్గరి నుంచి చెప్పాలి, ఆయన నమ్మినా నమ్మకపోయినా.

ఆ మగవాళ్ళ మోచేతుల కింది నుంచి దూరి గౌసియా వచ్చింది. ఏడ్చిన మొహం, దుమ్ము మీద రెండు చారలు. ఆమె వెనక నుంచి తండ్రి కాబోలు, గౌసూ, ఇధర్ ఆ, ఇటు రా అని పిలుస్తున్నాడు, వినలేదు. కోమలవల్లి ఎదురుగా నిలబడి స్తంభం కొస వైపు చూసింది, తర్వాత ఆమె వైపు చూసింది.

"దాదీమా, కిత్తా బాహర్ గయా?"

కోమలవల్లికి ఒక్క క్షణం అర్థం కాలేదు, తిడుతుందనుకుంది. పిల్ల మళ్ళీ అడిగింది, తెలుగులో, ఓపికగా, "ఎంత బయటికి పోయింది?"

చుట్టూ అరుపులు ఎప్పుడు తగ్గాయో తెలియదు. అందరికీ అది తెలుసుకోవాలని ఉన్నట్టుంది. కోమలవల్లి కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ నీలాన్ని కొలిచి చూపించింది. ఎక్కువైందేమో అనుకుని కొంచెం తగ్గించింది. ఇప్పుడు సరిగ్గా ఉంది.

"ఇంత."

గౌసియా ఆ వేళ్ళ మధ్యకు దగ్గరగా వచ్చి చూసింది. "ఇంతేనా?"

"ఇంతే బిడ్డా. మొదలు లోపల్నే ఉండె. ఆడికొచ్చినంక గాలికి వంగింది."

"గాలి..." గౌసియా తల తిప్పి, తను తన్నిన చోటు వైపు చూసింది, మళ్ళీ పైకి చూసింది, పెదవులు కదిలాయి, దేన్నో లెక్కేస్తున్నట్టు. తండ్రి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. అతను కూడా పైకి చూశాడు, స్తంభం కొసన ఏమీ లేకపోయినా. నందకిశోర్ పోయి గోడ దగ్గరి బంతిని తెచ్చి ఆ పిల్ల చేతుల్లో పెట్టాడు. అవతల ఎవరో కప్పు కోసం పిలుస్తున్నారు, బహదూర్‌పురా పిల్లలు వరసలో నిలబడుతున్నారు, ఎల్లేష్ సారు పై అంతస్తు వైపు చూసి మొహం తిప్పుకున్నాడు, వచ్చే ఏడు సంగతి ఆ మొహంలో ఇంకా తేలలేదు.

"ఇంకోసారి తంత," అంది గౌసియా. "ఆడికెల్లే. చూస్తరా దాదీమా?"

"చూస్త."

పిల్ల బంతిని నేలకు కొట్టుకుంటూ ఇందాక తన్నిన చోటికి నడిచిపోయింది. కోమలవల్లి విప్పిన గుండీలు కిందినుంచి పైదాకా మళ్ళీ పెట్టుకుంది, కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంది, స్తంభం పక్కకు పోయి మెడ వెనక్కి వంచి నిలబడింది.